నత్త చెవి

ఎర్హార్ట్ దాన్ని చూసి కాదు, తడిమి గుర్తుపట్టాడు.

బావమరిది వోల్ఫ్రామ్ కార్ఖానాలో ఆ పొద్దున ఒక డబుల్ బేస్‌ను, ఫిడేలు జాతిలోకెల్లా పెద్ద వాద్యాన్ని, బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మనిషికన్నా పొడుగు, తేనెరంగు వార్నిష్, అక్కడక్కడ గీతలు. ఎర్హార్ట్ పని వాద్యాలకు మెడలు అతకడం. మెడ అతుకు ఎలా ఉందో చూద్దామని తలవైపు వెళ్ళి, అలవాటుకొద్దీ నత్త మీద చెయ్యి వేశాడు. బొటనవేలు లావు తీగ వైపు చెవి మీదికి జారి, అక్కడే ఆగిపోయింది.

వాద్యాలు చేసే ఆ ఊళ్ళో, ఐబెన్‌గ్రూన్‌లో, ఫిడేలైనా బేసైనా తల కొసన చెక్కే చుట్టను నత్త అంటారు. చుట్ట నడిమధ్య రెండు పక్కలా పొడుచుకొచ్చే బొడిపెలు చెవులు. రెండూ అద్దంలో చూసుకున్నట్టు ఒక్కలా ఉండాలి. ఈ నత్తకు లావు తీగ వైపు చెవి రవ్వంత బయటికుంది. కంటికి అంతగా తెలియదు. బొటనవేలికి తెలుస్తుంది.

అతని భార్య రోజ్‌విటా చెక్కిన చివరి నత్త అది.

"వచ్చావా బావా!" వోల్ఫ్రామ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఈవిడ ఆనెగ్రేట్ గారు. నగరంలో నాటకశాల వాద్యబృందంలో ముందు వరసలో వాయిస్తారు. బేస్ మనదే. లోపల మన ఇంటి పేరు చీటీ ఉంది చూడు."

"చూశాను."

"దీనికి కింది సి స్వరం కావాలట."

కిటికీ పక్కన నిలబడ్డ పొడుగాటి మనిషి తలూపింది. నలభై ఏళ్ళు ఉంటాయి. ఎడమచేతి వేళ్ళ కొసలు వడ్రంగివాడి వేళ్ళలా కాయలు కాచి ఉన్నాయి. "నాక్కాదు మేస్త్రి గారూ, మా కొత్త బృందనాయకుడికి కావాలి. నా బేస్‌కి నాలుగు తీగలు. అడుగున ఇ దాకా దిగి ఆగిపోతుంది. పాట రాసినవాళ్ళేమో సి దాకా రాసి పారేస్తారు. మేమేం చేస్తాం? గుట్టుచప్పుడు కాకుండా ఒక స్థాయి పైకెక్కి వాయించేస్తాం. నాలుగు తీగలవాళ్ళందరూ చేసే దొంగతనమే అది. ఈయన పట్టుకున్నాడు. అందరి ముందూ ఆపి, 'అమ్మా, నేలమాళిగలోకి దిగమంటే మీరు మేడమీదికి ఎక్కుతున్నారేం?' అన్నాడు."

"నవ్వారా?" అన్నాడు ఎర్హార్ట్.

"ట్రాంబోన్‌లు ఊదేవాళ్ళు నవ్వారు. వాళ్ళకేం, ఎప్పుడూ నవ్వుతారు. సెలవులు అయ్యేసరికి నాకు సి ఉండాలి, లేకపోతే వెనక వరస."

"దారులున్నాయి," అన్నాడు వోల్ఫ్రామ్. గిరాకీ ముందు అతని గొంతుకు నూనె రాసినట్టుంటుంది. "తలతో సహా మెడ తీసేసి, ఐదు బిరడాల కొత్త తల పెట్టొచ్చు."

"వద్దు. ఐదో తీగ వేస్తే మిగతా నాలుగూ గొంతు నొక్కేసినట్టు మూలుగుతాయి. మా పక్కాయనది చూస్తూనే ఉన్నా."

"లావు తీగని వాయిస్తూ వాయిస్తూ మధ్యలో వదులు చేసుకోవచ్చు."

"చేశాను. తీగ కాదది, బట్టలారేసే తాడు."

"కాబట్టి పొడిగింపు పుల్ల." వోల్ఫ్రామ్ బల్ల మీంచి నల్లకర్ర పుల్ల ఒకటి తీశాడు. నున్నగా, మెరుస్తూ ఉంది. "తల పక్కనుంచి నత్త మీదుగా దీన్ని బిగిస్తాం. లావు తీగ దీని కొసదాకా పోతుంది. సి పలుకుతుంది. అక్కర్లేనప్పుడు ఈ గడియ నొక్కితే మళ్ళీ ఇ. మా తాతగారి అచ్చు రేకు ప్రకారం కోశాను. మా ఇంట్లో చెక్కిన ప్రతి నత్తకీ చేతికి తొడుగులా సరిపోతుంది."

పుల్లను తల మీద ఆనించాడు. సరిపోలేదు. కింద ఆనితే పైన లేచింది. పైన నొక్కితే కింద లేచింది.

"ఇదొక్కటీ అచ్చు తప్పింది," అన్నాడు వోల్ఫ్రామ్. "ఈ చెవి అడ్డం. బావా, చిత్రిక పట్టి చదును చేసెయ్. తీగ వెనక్కి పోడానికి బిరడాల గాడికి ఓ కన్నం పొడువు. సాయంత్రానికల్లా అయిపోతుంది."

"ఇది ఎవరు చెక్కారో తెలుసా నీకు?"

"తెలుసు. అక్క. అందుకే నీకిస్తున్నా, ఇంకొకడి చేతికి ఇవ్వకుండా."

అతను నిజంగానే మంచి చేస్తున్నాననుకున్నాడు. ఎర్హార్ట్‌కు అది ఇంకా మండింది.

"నేను కొయ్యను," అన్నాడు.

ఆ ఊళ్ళో ఒక్క వాద్యం ఒక్క ఇంట్లో పుట్టదు. ఒకరింట్లో పలకలు వంచుతారు, ఇంకొకరింట్లో తలలు చెక్కుతారు, వేరొకరు వార్నిష్ పూస్తారు. చివరికి చీటీ మాత్రం వ్యాపారం చేసే ఇంటిదే. తలలు చెక్కినవాళ్ళ పేరు ఏ చీటీ మీదా ఉండదు. అది అన్యాయమని ఎవరూ అనరు, ఎందుకంటే ఎప్పుడూ అంతే. రోజ్‌విటా జడలు వేసుకునే వయసు నుంచీ వంటింటి బల్ల దగ్గర నత్తలు చెక్కింది. ఎడమచేతి వాటం. ఉలి ఆమె చేతిలో కత్తిపీట మీద కూర తరిగినట్టు నడిచేది. తండ్రి పోయాక చీటీ తమ్ముడి పేరుకు మారింది. నత్తలు మాత్రం ఆమెవే.

జబ్బు చేసి ఆసుపత్రివాళ్ళు కోత కోశాక ఎడమచెయ్యి వాచింది. ఇంటికొచ్చి, మంచం మీదే కూర్చుని, ఇస్త్రీబల్లకు దుంగను బిగించుకుని ఈ నత్తను చెక్కింది. కొంచెం చెక్కడం, ఎక్కువసేపు పడుకోవడం. ఒక సాయంత్రం ఉలి కింద పెట్టి, "ఆ చెవి ఇంకా దించాలి. రేపు దించుతా. నువ్వు మాత్రం ముట్టుకోకు, నీది మెడల చెయ్యి," అంది.

మర్నాడు వోల్ఫ్రామ్ వచ్చాడు. వస్తూ అచ్చు రేకు తెచ్చాడు. చెల్లని రూపాయిని వెలుగులో పెట్టి చూసినట్టు నత్త పక్కన రేకు పెట్టి చూసి, "ఇది పొయ్యిలోకే అక్కా, ఇంకోటి చెక్కు," అని నవ్వాడు. వేళాకోళమే. రోజ్‌విటా గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఉలి పట్టలేదు.

ఎర్హార్ట్ ఆ నత్తను పొయ్యిలో వెయ్యలేదు. ఎవరితో ఏమీ అనకుండా మెడకు, మెడను పెట్టెకు సరేసుతో అతికాడు. వార్నిష్‌లో ఎవరి కంటా పడలేదు. వోల్ఫ్రామ్ తన చీటీ అంటించి అమ్మేశాడు. వార్నిష్ పూర్తిగా ఆరకముందే ఆమె పోయింది. పాతిపెట్టేచోట వోల్ఫ్రామ్ అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. ఎర్హార్ట్ ఏడవలేదు. ఆ నవ్వును మాత్రం మరిచిపోలేదు, మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

"నువ్వు కొయ్యకపోతే సోమవారం నేనే కోస్తా," అన్నాడు వోల్ఫ్రామ్ ఇప్పుడు. "ఏదో దేవుడి విగ్రహం ముక్కు కొయ్యమన్నట్టు చూస్తున్నావేంటి? తప్పుగా చెక్కిన కొయ్య బావా. ఇన్నాళ్ళకి సరిచేసే వీలు దొరికింది."

ఎర్హార్ట్ బేస్‌ను రెండు చేతులతో లేపి, నడుం దగ్గర పొదివి పట్టుకుని, తలుపు కాలితో తన్ని బయటికి నడిచాడు.

"అయ్యో, అది నా బేసండీ!" ఆనెగ్రేట్ వెనకాలే పరిగెత్తింది.

"ఒరే! పట్టపగలు దొంగతనం!" గుమ్మంలోంచి వోల్ఫ్రామ్ అరిచాడు. బావ అనే మాట అప్పుడు గుర్తు రాలేదు.

వార్నిష్ గది కిటికీ తెరుచుకుంది. మోచేతులదాకా ఎర్రగా ఉన్న ముసలి గెర్లింద తల బయటపెట్టింది. "ఏం తమ్ముడూ, పెళ్ళికూతుర్ని లేవదీసుకుపోతున్నావా? ఈ వయసులో కాస్త సన్నటిదాన్ని చూసుకోకపోయావా!"

"కిటికీ వేసుకో అక్కా, దుమ్ము పడుద్ది," అన్నాడు ఎర్హార్ట్, ఆగకుండా.

తన ఇంటి వంటింట్లో బేస్‌ను గోడకు చేర్చి నిలబెట్టాడు. ఆనెగ్రేట్ ఎగశ్వాసతో గుమ్మంలోకి వచ్చి, దాని పక్కనే నిలబడింది, మళ్ళీ ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని. ఆమెకు కాఫీ పోశాడు. పొద్దున కాల్చిన బంగాళదుంప అట్లు చల్లారినవే ముందు పెట్టాడు.

"పోలీసుల్ని పిలవాలా, అట్లు తినాలా?" అంది ఆమె.

"ముందు తిను. ఇంకో దారి ఉంది. వోల్ఫ్రామ్ చెప్పలేదు, దాన్లో అతనికి పనిలేదు కాబట్టి. కోత లేదు, కన్నం లేదు. దీని చెల్లెలు సెల్లోకి కట్టినట్టు శ్రుతి కట్టడమే."

ఆమె అట్టుముక్క కింద పెట్టింది.

"నీ తీగలు నాలుగేసి స్వరాల ఎడంలో ఉన్నాయి," అన్నాడు ఎర్హార్ట్. "సెల్లోకి ఐదేసి. ఎడం పెంచితే అడుగుతీగ సి దాకా దిగుతుంది. సి, జి, డి, ఎ. ఐదు తీగల బేస్‌లో అడుగున వేసే లావు తీగ నా దగ్గరుంది. బిగువుగానే నిలబడుద్ది. బట్టలారేసే తాడు కాదు."

"నాకు తెలుసండీ ఆ పద్ధతి. ఒకరిద్దరు వెర్రివాళ్ళు వాయిస్తారు." ఆమె చేతులు చూపించింది. "ఇరవై ఏళ్ళుగా ఏ స్వరం ఎక్కడుందో ఈ వేళ్ళకి తెలుసు. కళ్ళు మూసుకుని వెళ్తాయి. ఇప్పుడు ఇంట్లో సామానంతా అటూ ఇటూ మార్చేసి, దీపాలార్పి నడవమంటున్నారు మీరు."

"అవును. కాళ్ళకి తగుల్తాయి."

"భలే చెప్పారు!"

"తగిలి తగిలి తెలుస్తుంది."

"ఎందుకండీ ఇదంతా? ఓ బొడిపె. మీవాడన్నట్టు, కొయ్య."

అతను చెప్పాడు. మంచం, ఇస్త్రీబల్ల, అచ్చు రేకు, పొయ్యి. నాలుగు ముక్కల్లో చెప్పి కాఫీగిన్నె కడగడానికి లేచాడు. ఆమె నత్త మీద వేళ్ళు పెట్టి ఆ చెవిని తడిమింది.

"చూడండి మేస్త్రి గారూ," అంది. "మీ ఆవిడ జ్ఞాపకం కోసం నేను నా చేతులు మార్చుకోలేను. నిక్కచ్చిగా చెప్తున్నా."

"ఆవిడ కోసం నిన్నడగలేదు. నీ సి కోసం మార్చుకో. నిన్ను మేడెక్కావన్నాడే, వాడి కోసం మార్చుకో. చెవి సంగతి నేను చూసుకుంటా."

"కుదరకపోతే?"

"పాత తీగలు అదిగో, ఆ మేకుకి ఉంటాయి. బేస్ తెచ్చెయ్. ఎప్పట్లా కట్టి ఇస్తా. ఇంకో ఊళ్ళో ఇంకోడి చేత కోయించుకుంటావా, నీ బేస్, నీ ఇష్టం. నేను బతికుండగా ఈ ఊళ్ళో మాత్రం కోత పడదు."

ఆమె నవ్వింది, కోపంగానే. "మా బృందనాయకుడికి మీలాంటి మేనమామ ఉండాల్సింది. కట్టండి."

శనివారమంతా ఆ పనే. తీగ లావు కాబట్టి మెడ పైకొసన తీగలు ఆనే నల్లకర్ర మెట్టును మార్చాలి. ఎర్హార్ట్ కొత్తది చెక్కి, గాళ్ళు ఆకురాయితో రాశాడు. ఆ మెట్టు రోజ్‌విటాది కాదు, తనదే. దాన్ని మార్చడానికి అతనికి బాధలేదు. పొట్ట మీద తీగలను మోసే గుర్రం కాళ్ళ కింద రవ్వంత గీశాడు. తీగలెక్కించి బిరడాలు తిప్పుతుంటే పెట్టె లోపల ఎముకలు విరుచుకున్నట్టు చప్పుళ్ళు వచ్చాయి. తెలియని బరువు మీద పడితే కొయ్యైనా గొణుగుతుంది.

ఆనెగ్రేట్ సత్రంలో దిగింది. ఆదివారం పొద్దున్నే వచ్చి కమాను పట్టుకుంది. మొదటి వరస వాయించింది. చిన్నపిల్లలు నేర్చుకునే స్వరాలే. మూడోది తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఐదోది తప్పింది. నగరంలో నలుగురి ముందు నిలబడే మనిషి వంటింట్లో బొత్తిగా రానిదానిలా తడుముకుంది. చర్చికి పోయేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి చూశారు. ఒకాయన, "ఎర్హార్ట్, ఆవుకి ఈనే నొప్పులా?" అని అడిగి మరీ పోయాడు.

"మీ నోట్లో మన్ను పడ," అంది ఆనెగ్రేట్, వాయిస్తూనే. ఎవరినో చెప్పలేదు.

మధ్యాహ్నానికి ఆమె వేలి కొస చిట్లింది. కమాను బల్ల మీద పెట్టేసి, "పాత తీగలు కట్టెయ్యండి," అంది.

ఎర్హార్ట్ మేకు దగ్గరికి వెళ్ళి, పాత తీగల చుట్ట తీసి, ఆమె ఒళ్ళో పెట్టాడు. బతిమాలడం అతని నోటికి రాదు. భార్య మందులు మానేస్తానన్నప్పుడు కూడా రాలేదు.

ఆమె చుట్టను చూస్తూ కూర్చుంది. తర్వాత దాన్ని నేల మీదికి నెట్టి, లేచి, తనను అందరి ముందూ ఆపిన ఆ చోటును వాయించింది. వేళ్ళు తడబడుతూ మెట్టుమెట్టూ కిందికి దిగింది. ఇ వచ్చింది. ఎప్పుడూ పైకి ఎగిరే చోటు అది. ఎగరలేదు. ఇంకా దిగింది. డి. తర్వాత వేళ్ళన్నీ ఎత్తేసి వట్టి తీగ మీద కమాను పూర్తిగా లాగింది. సి.

అది చెవికి వినపడటానికి ముందు అరికాళ్ళకు తెలిసింది. గూట్లో పళ్ళేలు మోగాయి. కొక్కేనికి వేలాడే కప్పు ఊగింది. బయట కుక్క మొరిగి, మళ్ళీ ఆలోచించుకుని ఊరుకుంది.

"ఇంతకాలం ఇది దీన్లోనే ఉందా!" అంది ఆనెగ్రేట్.

"ఎవరూ అడగలేదు," అన్నాడు ఎర్హార్ట్.

సోమవారం వోల్ఫ్రామ్ చెప్పినట్టే వచ్చాడు. తోలు ఏప్రాన్ కట్టుకుని, ఒక చేతిలో రంపం, ఇంకో చేతిలో చిత్రిక. వెనక గెర్లిందా, కార్ఖానా మనుషులు కొందరూ. పనికి వచ్చినట్టు నటించలేదు, తమాషా చూడ్డానికే వచ్చారు. ఎర్హార్ట్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. కుర్చీ కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

"లే బావా. గిరాకీ పని ఆపకు."

"గిరాకీ లోపలుంది. అడుగు."

"ఆనెగ్రేట్ గారూ!" వోల్ఫ్రామ్ గొంతు పెంచాడు. "పుల్ల రెడీ అండీ. ఆ చెవి తీసేస్తే గంటలో..."

లోపలినుంచి సి వచ్చింది. పొడుగ్గా, లావుగా, గుమ్మం దాటి వీధిలోకి పాకింది. గెర్లింద చెయ్యి తెలియకుండానే గుండె మీదికి పోయింది. వోల్ఫ్రామ్ కూడా విన్నాడు. అతనిదీ ఆ ఊరి చెవే. ఒక్క క్షణం ముఖం మెత్తబడింది. తర్వాత లోపలి బేస్ మీది కొత్త తీగలు పోల్చుకున్నాడు, ముఖం మళ్ళీ బిగుసుకుంది.

"సెల్లో శ్రుతి కట్టావా? బేస్‌కి?"

"కట్టాను."

"మా ఇంటి వాద్యం ఇలా కట్టరు. మా తాత కట్టలేదు, నాన్న కట్టలేదు. తల మీద తప్పుడు చెవి, కింద తప్పుడు శ్రుతి. అది పట్టుకుని ఈవిడ నగరంలో కూర్చుంటే జనం లోపలికి తొంగి చూసి ఎవరి పేరు చదువుతారు? నాది!" రంపం ఊపాడు. "ఇలాగే పంపాలనుంటే నా చీటీ పీకేసి పంపు!"

ఆ మాటకు వెనకవాళ్ళు కూడా కదిలారు. ఆ ఊళ్ళో చీటీ లేని వాద్యం గడప దాటదు. అది బెదిరింపు. బెదిరిస్తే ఎవరైనా దిగివస్తారు.

ఎర్హార్ట్ కుర్చీలోంచి లేచాడు. దారి వదులుతున్నాడనుకుని వోల్ఫ్రామ్ ఓ అడుగు ముందుకు వేశాడు. ఎర్హార్ట్ పొయ్యి దగ్గరికి వెళ్ళి కెటిల్ దించాడు. ఇనపతీగ వంచి, కొసకు గుడ్డపేలిక చుట్టి, వేడినీళ్ళలో ముంచాడు.

"తియ్యనా?" అని ఆనెగ్రేట్‌ను అడిగాడు.

"తియ్యండి. వాయించేటప్పుడు నేనేమీ చీటీ చదవను."

బేస్ పొట్టమీది కంతలోంచి తీగను లోపలికి పోనిచ్చి, తడిగుడ్డను చీటీ మీద అదిమి పెట్టాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ అదిమాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. సరేసు మెత్తబడ్డాక చీటీ ఒక మూల లేచింది. పొడుగాటి పటకారుతో, పుండు మీది పట్టీ తీసినట్టు, చిరక్కుండా లాగాడు.

గుమ్మంలోకి వచ్చి, వోల్ఫ్రామ్ చేతిలోంచి చిత్రిక తీసి కింద పెట్టి, ఆ ఖాళీ అరచేతిలో తడి చీటీ పరిచాడు.

"ఇదిగో నీ పేరు. నీది నీకు వచ్చింది. ఆవిడది ఆవిడ దగ్గరే ఉంటుంది."

"రేపట్నుంచి నీకు మెడలు రావు," అన్నాడు వోల్ఫ్రామ్. గొంతు చిన్నదైంది. "నా కార్ఖానా నుంచి ఒక్కటి కూడా."

"తెలుసు."

"అక్క బతికుంటే ఇలా చెయ్యనిచ్చేది కాదు."

"మీ అక్క బతికుండగా రేకు పట్టుకుని వచ్చావు. ఏమన్నావో గుర్తుందా?"

వోల్ఫ్రామ్‌కు గుర్తులేదు. అతని ముఖంలో అది తెలిసిపోయింది. వెతికాడు, దొరకలేదు. ఎర్హార్ట్ గుర్తు చెయ్యలేదు. చెప్పి బాధపెడితే బాధపడి తేలికవుతాడు. ఆ తేలిక అతనికి ఇవ్వదలచుకోలేదు.

గెర్లింద నిట్టూర్చింది. "చీటీ లేని వాద్యం తండ్రి లేని బిడ్డరా తమ్ముడూ. రేపెవరైనా ఎవరిదని అడిగితే?"

"తల చూడమను."

వోల్ఫ్రామ్ రంపం చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. చిత్రిక మరిచిపోయాడు. తడి చీటీ అరచేతికి అతుక్కుపోయింది. పారెయ్యబోతే రాలేదు. వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి విదుల్చుకుంటూనే పోయాడు.

ఎర్హార్ట్ తలుపు వెయ్యలేదు. కుర్చీ లోపలికి తెచ్చి, బేస్‌కు ఎదురుగా వేసుకున్నాడు. ఆనెగ్రేట్ చిట్లిన వేలికి గుడ్డ చుట్టుకుని మొదటినుంచి ఎత్తుకుంది. నాలుగో స్వరం తప్పింది.

"ఇంకోసారి," అన్నాడు.